తెర మీద నాలుగో పేరు

నాచారం, హైదరాబాద్
9 ఫిబ్రవరి 2025

భాగ్యానికి,

మేమిక్కడ బాగానే ఉన్నాం. నువ్వూ మరిదిగారూ కులాసా అనుకుంటాను. ఫోను ఉండగా అక్క కాగితం మీద రాసిందేమిటని కంగారు పడకు. మా ఇంట్లో ఫోనులో మాట్లాడితే పక్క గదిలోకి వినిపిస్తుంది. మెసేజి పెడదామంటే మీ ఫోను నీ చేతిలో కంటే మరిదిగారి చేతిలోనే ఎక్కువసేపు ఉంటుంది. అదీగాక మా కొత్త టీవీ రిమోటుకు మైకు ఉందట. బొత్తాం నొక్కితేనే వింటుందమ్మా అని నరేన్ చెప్పాడు. నొక్కనప్పుడు వినడం లేదని వాడికి మాత్రం ఎలా తెలుసు?

ఆ టీవీ మా పెళ్లిరోజుకని వాడే తెచ్చి, గోడకు బిగించి, పోచారంలో తన ఇంటికి వెళ్లిపోయాడు. దాంతో ఇంట్లోకి మూడు రిమోట్లు వచ్చాయి. టీవీకి ఒకటి, కేబుల్ డబ్బాకు ఒకటి, టీవీ కింద పెట్టిన పొడుగాటి స్పీకరుకు ఒకటి. టీవీది సన్నగా ఉండి తడిసిన సబ్బుబిళ్లలా జారిపోతుంది. దానిమీద అంకెలే లేవు, అన్నీ బొమ్మలు. కేబుల్ దానిమీద యాభై మూడు బొత్తాలున్నాయి, నేను లెక్కపెట్టాను. అందులో నాకు కావలసినవి నాలుగు. మిగతా నలభై తొమ్మిదిలో దేనిమీద వేలు పడినా తెర నీలంగా అయిపోయి సిగ్నల్ లేదంటుంది. కేబులాయన దుర్గేష్‌ను పిలిస్తే నిమిషంలో బాగుచేసి, "అమ్మా, ముందు గీ పెద్దది వత్తాలె, తర్వాత చిన్నది. ఉల్టా వత్తిన్రనుకో, మల్లా మొదటికొస్తది" అని చెప్పి పోతాడు. ఆయన మెట్లు దిగేలోపే మళ్లీ మొదటికి వస్తుంది.

ఇదంతా నవ్వుకుని ఊరుకునేదే. మీ బావగారి సంగతే అంతుపట్టడం లేదు. ముప్పై నాలుగేళ్లు ల్యాబులో మీటర్లు విప్పి బిగించిన మనిషి. గోధుమగింజంత స్క్రూలు మునివేళ్లతో తిప్పేవారు. ఆయన మొన్న నా సీరియల్ పెట్టమంటే రెండుసార్లు నొక్కి, రిమోటు సోఫా మీదికి విసిరి, "ఈ బొత్తాలు మనుషుల కోసం చేసినవి కావు" అని లోపలికి వెళ్లిపోయారు. అలా అని టీవీ ముట్టుకోరా అంటే, నేను డాబా మీద బట్టలు ఆరేస్తుంటే తలుపు దగ్గరగా వేసుకుని దాని ముందే కూర్చుంటున్నారు. నా అడుగుల చప్పుడు వినగానే కట్టేస్తారు. ఒకసారి రిమోటు ఆయన దిండు కింద దొరికింది.

చేతకాని వస్తువును దిండు కింద ఎవరైనా పెట్టుకుంటారా? నువ్వు పాతికేళ్లు బడిలో పిల్లల అబద్ధాలు పట్టుకున్నదానివి, నీకేమైనా తోస్తే రాయి.

మీ అక్క
అనంతలక్ష్మి

*

సామర్లకోట
17 ఫిబ్రవరి 2025

అక్కయ్యకు నమస్కారం.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ఈయన బజారుకు వెళ్లాక తలుపు గడియ పెట్టి చదివాను. నీ చేతిరాత చూసి ఎన్నేళ్లయిందో. ఇంకా ళ మీద అలాగే తోక వేస్తున్నావు.

సూటిగా చెబుతాను. బావగారికి రిమోటు చేతకావడం లేదంటే నేను నమ్మను. మా పెళ్లిలో మైకుసెట్టు పాడైతే పంచె ఎగ్గట్టి బాగుచేసిన మనిషి ఆయన. చేతకాదనడం సాకు. నీకు టీవీ పెట్టివ్వకపోతే నువ్వు వంటింట్లోకి వెళ్లిపోతావు, ఆయనకు గది ఖాళీ అవుతుంది. ఈ కొత్త టీవీల్లో ఫోనులో మాట్లాడినట్టు మాట్లాడుకోవచ్చని మా బడిలో కుర్ర టీచర్లు అంటుండగా విన్నాను.

మనిషిలో ఇంకేమైనా మారిందా? బట్టలు, వేళలు, తిండి, ఖర్చు అన్నీ చూసి రాయి. ఆయన్ని మాత్రం ఏమీ అడగకు. అడిగితే జాగ్రత్తపడతారు.

మా మునగచెట్టు ఈసారి విరగకాసింది. నీకు పంపే దారి లేక వీధంతా పంచుతున్నాను.

నీ చెల్లెలు
భాగ్యశ్రీ

*

నాచారం
26 ఫిబ్రవరి 2025

భాగ్యం,

నువ్వు అడగకపోయి ఉంటే ఇవన్నీ నా కళ్ల ముందే ఉన్నా కనబడేవి కావు. ఒక్కొక్కటే రాస్తాను.

గడ్డం ఎప్పుడూ ఇంట్లోనే గీసుకునే మనిషి నెలన్నరగా రోజు విడిచి రోజు సెలూనుకు వెళ్తున్నారు. ఇస్త్రీ చొక్కాలు బీరువాలో వేలాడుతుంటే, తలమీదుగా తొడుక్కునే టీషర్టులు ఐదు కొన్నారు. అందులో ఒకటి నెమలికంఠం రంగు. అరవై తొమ్మిదేళ్ల వయసులో, ఊహించుకో. లేసులున్న బూట్లు తీసేసి కుర్రాళ్లు వేసుకునే మెత్తటివి తెచ్చుకున్నారు. కాఫీ నా ఎదురుగా తాగడం మానేశారు. గ్లాసు పట్టుకుని పెరటివైపు వెళ్లిపోతారు. నాలుగు కొట్టగానే అలా నడిచొస్తానని బయల్దేరి ఆరింటికి గానీ రారు. స్కూటరు మాత్రం తీయరు. ఎక్కడైనా ఆపితే ఎవరైనా గుర్తుపడతారని కాబోలు.

ఇవన్నీ ఒక ఎత్తు, నిన్న జరిగింది ఒక ఎత్తు. మా టీవీ పెట్టగానే ఎవరు చూస్తున్నారని అడుగుతుంది. కింద గుండ్రాల్లో పేర్లుంటాయి. నాన్న, అమ్మ, నరేన్ అని ఇంగ్లీషులో మూడు పేర్లు వాడే పెట్టాడు. నిన్న నేనే ధైర్యం చేసి చిన్న రిమోటు నొక్కితే నాలుగు గుండ్రాలు కనబడ్డాయి. నాలుగోది ఊదారంగులో ఉంది, దాని కింద రాణి అని రాసి ఉంది.

మా బంధువుల్లో రాణి ఎవరూ లేరు. నరేన్‌కు ఫోను చేసి మాటల్లో పెట్టి అడిగితే, నేనేం పెట్టలేదమ్మా, నాన్నే పొరపాటున ఏదో నొక్కి ఉంటారు అన్నాడు. పొరపాటున నొక్కితే పిచ్చి అక్షరాలు వస్తాయి గానీ శుభ్రంగా ఆడమనిషి పేరు వస్తుందా? ఒక్కో అక్షరానికి ఆ బాణం గుర్తు ఎన్నిసార్లు నొక్కాలో నాకు తెలుసు. పేరు రాయడమంటే పనిగట్టుకుని కూర్చోవాలి.

ఆ గుండ్రం మీద నొక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది తెరుచుకుంటే ఏం కనబడుతుందోనని భయమేసింది.

అక్క

*

సామర్లకోట
6 మార్చి 2025

అక్కయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకు బాధ కలిగినా ఉన్నమాట చెబుతాను. సెలూను, రంగు చొక్కా, కొత్త బూట్లు, సాయంకాలపు నడక, ఇప్పుడు పేరు. ఇంకా ఏం కావాలి? కాఫీ నీ ముందు తాగకపోవడం చిన్న విషయం అనుకోకు. తప్పు చేసినవాళ్లు మన ఎదురుగా నిదానంగా కూర్చోలేరు. ఇలాంటివి నాకు తెలుసు. ఎలా తెలుసని ఇప్పుడు అడగకు.

నరేన్‌కు చెప్పకు. మగపిల్లలు తండ్రి పక్షమే మాట్లాడతారు. ముందు జేబులు చూడు, తర్వాత ఆయన ఏ వీధిలోకి వెళ్తున్నారో కనుక్కో. ఏడవకు. చేతిలో రుజువు ఉంటే ఏడవాల్సిన అవసరం ఉండదు.

ఈయన ఇప్పుడే వచ్చారు. ఎవరికి రాస్తున్నావని అడిగితే పెన్షను కాగితమన్నాను.

భాగ్యం

*

నాచారం
15 మార్చి 2025

భాగ్యం,

చూశాను. పెళ్లయిన నలభై మూడేళ్లలో ఆయన జేబులో చెయ్యి పెట్టడం ఇదే మొదలు. నెమలికంఠం చొక్కా జేబులో చిన్న కాగితం దొరికింది. సోమ, బుధ, శుక్ర, నాలుగున్నర, తప్పకుండా రావాలి అని ఉంది. కింద రాణి. రాత గుండ్రంగా, చక్కగా ఉంది. ఎందుకో దాన్ని అదే మడతల్లో మడిచి పెట్టేశాను.

అది చాలదన్నట్టు మా పనిమనిషి మల్లవ్వ నిన్న గిన్నెలు తోముతూ తోముతూ ఆగింది. ఆమె ఉండేది చిల్కానగర్‌లో. చెప్పాలా వద్దా అని నాన్చి చివరికి, "అమ్మా, సార్‌ను మా గల్లీల సూసిన. కిటికీ తెరిచే ఉండె. ఒకామె సార్ చెయ్యి రెండు చేతులతోని పట్టుకొని కూసున్నది. నాకేందో మంచిగనిపియ్యలె" అంది. నేను మా చుట్టాలేనని చెప్పాను. ఆమె నమ్మలేదు, అయినా మళ్లీ అడగలేదు. ఆ మంచితనానికే నాకు సిగ్గేసింది.

నాలుగు రోజులుగా ఆయనతో ముక్తసరిగా మాట్లాడుతున్నాను. ఆయన కారణం అడగడం లేదు. తప్పు లేని మనిషి అడగడా? రాత్రి అన్నం కూడా నేను తిన్నాక తింటానంటున్నారు. టీవీ పెట్టడమే మానేశాం. ఆ తెర నల్లగా గోడ మీద ఉంటుంది, దాని అవతలివైపు ఆ పేరు ఉందని నాకు తెలుసు.

బుధవారం నేనే వెళ్తాను. మల్లవ్వ ఇల్లు గుర్తులు చెప్పింది. ఏమవుతుందో తెలియదు. మామిడికాయలు తెచ్చి మూలన పెట్టాను, ఆవకాయ ముక్కలు కొట్టడానికి చేతులు రావడం లేదు.

అక్క

*

నాచారం
20 మార్చి 2025

ఒసే భాగ్యం,

నిన్న వెళ్లాను. ముందే చెబుతున్నాను, నువ్వూ నేనూ అనుకున్నది ఏదీ నిజం కాదు. నెమ్మదిగా కూర్చుని చదువు.

ఆయన బయల్దేరిన పావుగంటకు ఆటో ఎక్కి హబ్సిగూడ దగ్గర దిగి, అక్కణ్నుంచి ఇంకో ఆటోలో చిల్కానగర్ వెళ్లాను. మల్లవ్వ చెప్పిన గల్లీలో కిరాణా కొట్టు పక్కన కింది వాటా. గోడకు బోర్డు ఉంది. నరాల బలహీనత, పక్షవాతం, వణుకు, వీటికి వ్యాయామ చికిత్స అని. దాని కింద రాణి అని పేరు. నేను ఆ బోర్డు చదివి కూడా ఇదేదో పైకి పెట్టిన నాటకం అనుకున్నాను, నా మనసు అంతగా పాడైపోయింది.

కిటికీలోంచి చూస్తే మీ బావగారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఎదురుగా పళ్లెంలో కందిపప్పు, బియ్యం కలిపి పోసి ఉన్నాయి. ఒక్కొక్క గింజా ఏరి వేరే గిన్నెలో వేయాలి. ఆయన వేళ్లు గాలిలో కొట్టుకుంటున్నాయి. గింజ పట్టుకోవడం, అది జారిపోవడం, మళ్లీ పట్టుకోవడం. ఆ అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయేమో, తెల్లకోటు వేసుకుని ఆయన మణికట్టు రెండు చేతులతో అదిమి పట్టింది. మల్లవ్వ చూసింది అదే.

నేను గుమ్మంలోకి వెళ్లాను. ఆయన నన్ను చూసి చెయ్యి గబుక్కున బల్ల కిందికి లాక్కున్నారు. పప్పంతా నేల మీద పడింది. ఆ అమ్మాయే లేచి వచ్చింది. "మీరు లక్ష్మి ఆంటీ కదా. రాన్రి, కూసోన్రి. ఇంట్ల జెప్పున్రి సార్, ఇది దాచేది కాదు అని సార్‌కు రోజూ జెప్తున్న. ఇంటలేరు" అంది. నేను కూర్చోలేదు. నేల మీద పప్పు ఏరాను. ఇంకేం చేయాలో తోచలేదు.

డిసెంబరులోనే ఒంటరిగా డాక్టరుకు చూపించుకున్నారట. వణుకు జబ్బు, ఇంకా మొదట్లోనే ఉందట. మాత్రలు స్కూటరు డిక్కీలో దాచుకుని వేసుకుంటున్నారు. బ్లేడు పట్టుకుంటే తెగుతోందని సెలూను. గుండీలు పెట్టుకోలేక టీషర్టులు. లేసులు కట్టలేక ఆ బూట్లు. కాఫీ ఒలికిపోతుందని పెరడు. హ్యాండిల్ కుదురుగా పట్టుకోలేక నడక.

ఇక రిమోటు. ఆయనకు దాని సంగతి మొదటిరోజే తెలిసిందట. తెలిసినా ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది, పక్క బొత్తాం పడుతుంది. అందుకే దాన్ని తిట్టి విసిరేశారు. రాణి దాన్నే మందు చేసింది. బాణాలు నొక్కుతూ తెర మీద రోజుకొక పేరు రాయమందట. మొదట పొట్టి పేరుతో మొదలుపెట్టమంటే ఆ అమ్మాయి పేరే రాశారు. నా పేరు ఇంగ్లీషులో పదమూడు అక్షరాలట, దాని జోలికి పోలేదట. రాసినంతవరకు బాగానే ఉంది, చెరిపేయబోయి ఇంకేదో నొక్కితే అది గుండ్రంగా కూర్చుంది. తీసేయడానికి పది రోజులు తంటాలు పడ్డారు. ఇరవై రకాల మెనూలు తిరిగినా ఆ దారి దొరకలేదట. మీటర్లు చేసిన మనిషి నాకంటే భయపడ్డారు ఆ ఊదా గుండ్రాన్ని చూసి.

తిరుగు ఆటోలో ఎందుకు దాచారని అడిగాను. ఆయన చేతులు రెండూ ఒళ్లో ముడుచుకున్నారు. తర్వాత, "మా నాన్నకు చివరి ఆరేళ్లు మా అమ్మ అన్నం తినిపించింది. నువ్వు తినిపిస్తే నేను తినలేను, లక్ష్మీ" అన్నారు. నేను అనుకున్నది కూడా చెప్పేశాను. నిజంగానే అలా అనుకున్నావా అని రెండుసార్లు అడిగారు. కోపమొస్తుందనుకున్నాను. నాచారం వచ్చేసరికి మనిషి కాస్త నిటారుగా కూర్చుని ఉన్నారు.

నీ మాటలు విని నలభై మూడేళ్లు కాపురం చేసిన మనిషిని దొంగలా వెంటాడాను. ఇంత చిన్న విషయంలో అంత చెడు ఎలా తోస్తుందే నీకు? దేవుడిలాంటి మరిదిగారు పక్కన ఉండి కూడా నీ మనసు ఇలా ఎందుకు పులిసిపోయిందో ఒకసారి చూసుకో. అక్కను కనుక అంటున్నాను.

అక్క

*

సామర్లకోట
20 మార్చి 2025

అక్కయ్యా,

నీ పదిహేనో తారీఖు ఉత్తరం ఈ ఉదయం అందింది. ఈపాటికి నువ్వు చిల్కానగర్ వెళ్లి వచ్చి ఉంటావు. ఏం చూశావో తెలియదు. అది ఏదైనా, నువ్వు ఒక్కదానివే మోయకూడదని ఇది రాస్తున్నాను.

ఎలా తెలుసని అడగకన్నాను కదా. పదకొండేళ్ల కిందట ఈయన రాజమండ్రి బ్రాంచిలో పనిచేసినప్పుడు, ఆదివారాలు కూడా ఆఫీసు అనేవారు. ఒకరోజు చొక్కా ఉతకబోతే జేబులో రెండు లాంచీ టిక్కెట్లు దొరికాయి. తర్వాత ఒక మందుల చీటీ, ఒక ఆడమనిషి పేరు మీద. ఆమె ఆఫీసులోనే పనిచేసేది. ఒకసారి మా ఇంటికి కూడా వచ్చింది, నేనే పులిహోర పెట్టాను. ఏడాది తర్వాత ఆమెకు ఎక్కడికో బదిలీ అయింది, ఈయన ఆదివారాలు ఇంట్లో ఉండడం మొదలుపెట్టారు. నేను అడగలేదు. అప్పుడు అమ్మకు బాగాలేదు, నువ్వు ఆమెతో ఆస్పత్రిలో ఉన్నావు, ఎవరితో చెప్పుకుంటాను? తర్వాత అడగడానికి ఆలస్యమైపోయింది. ఇన్నాళ్లూ ఆయన ఫోను చూసుకుంటున్నప్పుడు నేను ఆయన ముఖం చూస్తున్నాను.

ఈ భూమ్మీద ఈ మాట తెలిసినదానివి ఇప్పుడు నువ్వొక్కదానివే. చదివాక చించెయ్యి.

భాగ్యం

*

నాచారం
25 మార్చి 2025

భాగ్యం, తల్లీ,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నీది ఈ మధ్యాహ్నం వచ్చింది. నాది నీకు నిన్ననో ఇవాళో అంది ఉంటుంది. పోస్టాఫీసుకు వెళ్లి వెనక్కి తీసుకోవచ్చా అని కూడా అడిగాను. ఐదు రోజుల కింద డబ్బాలో వేసింది ఎక్కడ దొరుకుతుందమ్మా అన్నాడు గుమాస్తా.

దేవుడిలాంటి మరిదిగారు అని రాశాను. పులిసిపోయిందని రాశాను. ఆ మాటలు రాసిన చెయ్యి ఇదే. నిన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదు. నువ్వు నాకు చెప్పినవన్నీ నీ జేబులోంచి తీసిచ్చినవే అని నాకు తట్టలేదు. పదకొండేళ్లు ఫోనులో నీతో కూరలూ ఎండలూ మాట్లాడాను.

చింపలేదు. బీరువాలో పెట్టి తాళం వేశాను. మీ బావగారికి కూడా చెప్పలేదు. ఇక్కడి సంగతి అడుగుతావని రాస్తున్నాను. నరేన్ వచ్చాడు, ఆయనే స్కూటరు తాళంచెవి వాడి చేతికిచ్చారు. వాడు దాన్ని తన తాళాల గుత్తిలో వేసుకున్నాడు. రిమోటు ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఏది ముందో ఏది తర్వాతో అట్టముక్క మీద రాసుకున్నాను. రోజూ రెండుసార్లు తప్పుతాను, ఆయన పక్కనుంచి చెబుతారు. కాఫీ నా ఎదురుగానే తాగుతున్నారు, సగం గ్లాసే పోస్తున్నాను. ఒలికితే ఒలుకుతుంది.

నువ్వు ఒక్క మాట రాయి. తిట్టినా సరే.

అక్క

*

సామర్లకోట
4 ఏప్రిల్ 2025

అక్కయ్యకు,

ఉగాది వెళ్లేదాకా జవాబు రాయలేకపోయాను.

నీ ఇరవయ్యో తారీఖు ఉత్తరం చదివినప్పుడు నాకు ముందు కలిగింది ఏమిటో నీకు చెప్పాలి. బావగారికి జబ్బని తెలియగానే బాధపడాల్సింది. నేను ముందు నిరాశపడ్డాను. నీకూ అలాగే జరిగి ఉంటుందని, నాతోపాటు ఇంకొకరు ఉంటారని నెలన్నరగా నాకు తెలియకుండానే ఎదురుచూశాను. అది అర్థమయ్యాక రెండు రోజులు అద్దంలో చూసుకోలేదు. నా మనసు పులిసిపోయిందని నువ్వు రాసింది తప్పు కాదు. ఆ మాట కోసం నువ్వు ఏడవకు.

మొన్న మధ్యాహ్నం ఈయన భోజనం చేస్తుండగా అడిగాను. లాంచీ టిక్కెట్ల గురించి. ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "నీకు అప్పుడే తెలుసా" అన్నారు. తెలుసన్నాను. "తెలిసి ఇన్నాళ్లు ఊరుకున్నావా" అన్నారు. ఊరుకోలేదు, రోజూ చూస్తున్నానని చెప్పాను. ఆయన కంచం ముందు నుంచి లేవలేదు, తినలేదు. ఏడాదిలోనే అయిపోయిందని, ఎలా చెప్పాలో తెలియలేదని అన్నారు. నిజమే కావచ్చు. నమ్మాలో లేదో నాకు ఇంకా తెలియదు. కానీ ఆ రోజు సాయంత్రం ఆయన ఫోను మోగితే నేను తల తిప్పి చూడలేదు. చూడలేదని కూడా తర్వాతే గుర్తొచ్చింది.

నేను మీ దగ్గరికి వస్తున్నాను. పదమూడో తారీఖు పొద్దున సికింద్రాబాదులో దిగుతాను. ఒక్క టిక్కెట్టే తీసుకున్నాను, తిరుగు టిక్కెట్టు తీసుకోలేదు. ఈయన స్టేషనుదాకా వస్తానన్నారు, వద్దనలేదు.

నా సంగతి బావగారికి నేను రాకముందే చెప్పెయ్యి. ఆయన చెయ్యి వణికితే నేను చూస్తాను, నా కళ్లు నిండితే ఆయన చూస్తారు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను మళ్లీ దేన్నీ దాచలేను.

భాగ్యం